చర్చా వేదికలో లైక్ బటన్ పెట్టాలా వద్దా? అడ్మిన్లు తేల్చుకోవడం ఎలా

ఫోరం మొదలుపెట్టిన కొన్నాళ్లకి సభ్యుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "లైక్ బటన్ పెట్టొచ్చు కదండీ?" ఎవరో ఓపిగ్గా పెద్ద జవాబు రాశారు. చదివి ఊరుకుంటే బాగోదు, అలాగని "బాగా చెప్పారు" అని ఒక పోస్టు వేయడానికీ చెయ్యి రాదు. ఆ మొహమాటం తీరే దారి ఒకటి కావాలి, అంతే. ఇంతలో ఇంకొకరు అడ్డం పడతారు: "దీన్ని కూడా ఫేస్‌బుక్ చేసేస్తారా?" ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. మాట్లాడుతున్నది ఒకే బటన్ గురించైనా, వాళ్ల మనసులో ఉన్న పనులు వేరు.

మొదటి వ్యక్తి అడిగేది, చదివాను, నచ్చింది అని రాసినవాళ్లకి తెలియజేసే వీలు. రెండో వ్యక్తి భయపడేది లెక్కకి. ఏ పోస్టుకి ఎన్ని లైకులు, ఎవరి ఖాతాలో ఎన్ని, దేన్ని పైన చూపించాలి అనే లెక్క. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలియజేయడానికి మాత్రమే వాడితే లైక్ బటన్ చాలా ఫోరాలకి మేలే చేస్తుంది. లెక్కకి వాడడం మొదలుపెడితే చర్చ నెమ్మదిగా పక్కదారి పడుతుంది. చిక్కేమిటంటే ఫోరం సాఫ్ట్‌వేర్లు చాలావరకు రెండింటినీ కలిపే ఇస్తాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాటిని విడదీయడం అడ్మిన్‌గా మీ పని. ఆ పని వరసగా ఎలా చేయాలో చెబుతాను.

అసలు లైక్ బటన్ ఫోరాల్లో పుట్టింది కాదు. విమియో అనే వీడియో సైట్‌లో 2005లో, ఫ్రెండ్‌ఫీడ్ అనే సోషల్ మీడియా సైట్‌లో 2007లో వచ్చింది. ఫేస్‌బుక్ 2009 ఫిబ్రవరి 9న పెట్టాక ప్రపంచమంతా అలవాటైంది. అంతకుముందు పీహెచ్‌పీబీబీ లాంటి సాఫ్ట్‌వేర్ మీద నడిచిన ఫోరాలు లైక్ అనేదే లేకుండా ఏళ్ల తరబడి బాగానే నడిచాయి. కాబట్టి అది లేకపోతే ఫోరం ఆగిపోతుందనే టెన్షన్ పెట్టుకోకండి. తీరిగ్గా తేల్చుకోవచ్చు.

1. ముందు బటన్ జోలికి పోకుండా పాత పోస్టులు చదవండి

మీ ఫోరంలో ఇటీవలి జవాబులు ఒక 200 తీసుకోండి. వాటిని రెండు కుప్పలు చేయండి. కొత్త సమాచారం, ప్రశ్న, అభ్యంతరం, అనుభవం ఏదైనా ఉన్నవి ఒకవైపు. "నిజమే", "థాంక్యూ సర్", "సూపర్", "+1", "నాదీ ఇదే సమస్య" అని ఊరుకున్నవి ఇంకోవైపు. రెండో కుప్పలో 200కి 50 తేలాయంటే, నాలుగు పోస్టులు చదివితే ఒకటి ఉత్తిదే అవుతోందన్నమాట. బటన్ అవసరం మీకు నిజంగా ఉంది. పదో పదిహేనో తేలితే అవసరం లేదు, అడిగింది గట్టిగా అడిగే ఒకరిద్దరే అనుకోవచ్చు.

ఈ రెండో కుప్ప ఎంత బాధ పెడుతుందో గిట్‌హబ్ ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకుని కలిసి పనిచేసే సైట్ అది. అక్కడ ఒక సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని ఎవరైనా రాస్తే, అదే లోపంతో ఇబ్బంది పడుతున్నవాళ్లంతా కింద "+1" అని రాసి వెళ్లేవాళ్లు. ప్రతి "+1"కీ ఆ థ్రెడ్‌లో ఉన్న అందరికీ ఈమెయిల్. అసలు పరిష్కారం ఆ వరద మధ్యలో ఎక్కడో ఉండేది. 2016 జనవరిలో చాలామంది ప్రాజెక్టు నిర్వాహకులు కలిసి గిట్‌హబ్‌కి బహిరంగ లేఖ రాశారు. అందులోని ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి. మార్చిలో రియాక్షన్లు వచ్చాయి, "+1"ని వేలు పైకెత్తిన బొమ్మగా నొక్కి వెళ్లిపోవచ్చు, ఎవరికీ మెయిల్ పోదు. లైక్ బటన్ తన పని తాను చక్కగా చేసిన సందర్భం అది. చదివేవాళ్ల టైమ్ మిగిలింది.

కుప్పలు వేసేటప్పుడు ఒక జాగ్రత్త. "నాదీ ఇదే సమస్య, కాకపోతే కొత్త వెర్షన్‌కి మారాక మొదలైంది" అన్నది ఉత్త పోస్టు కాదు, అందులో సమాచారం ఉంది. ఇంకో సంగతి, "థాంక్స్ అండీ" అని రాసినవాళ్లు ఎవరో కూడా చూడండి. చాలాసార్లు వాళ్లు కొత్త సభ్యులు. నెలల తరబడి చదువుతూ ఉండి, తొలిసారి నోరు విప్పి అన్న మాట అది. బటన్ పెడితే ఆ మనిషి లైక్ నొక్కి వెళ్లిపోతాడు, ఆ మొదటి మాట కూడా రాయడు. మాట్లాడేవాళ్లు ముప్పై నలభై మందే ఉన్న చిన్న ఫోరంలో నేనైతే బటన్ పెట్టను. అక్కడ ఒక "థాంక్స్" చూసి "మీరు ఏం చేస్తుంటారు?" అని ఎవరో పలకరిస్తారు, కబుర్లు మొదలవుతాయి. రోజుకి వందల పోస్టులు పడే చోట ఆ పలకరింపులకి ఎలాగూ తీరిక ఉండదు.

2. మీ దగ్గర జరిగేది ఏ రకం మాటలో చూసుకోండి

ఫోరం అంతటికీ ఒకే నిర్ణయం తీసుకోవాలని లేదు. విభాగాల వారీగా ఆలోచించండి.

ప్రశ్న, జవాబు నడిచే చోట, అంటే జవాబు తప్పో ఒప్పో చేసి చూస్తే తేలిపోయే చోట, లైక్ కన్నా "సమస్య తీరింది" అని అడిగినవాళ్లే పెట్టే గుర్తు ఎక్కువ పనికొస్తుంది. ప్రోగ్రామర్ల ప్రశ్నల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైనప్పటి నుంచీ ఈ రెండింటినీ విడిగా ఉంచింది. చదివినవాళ్లు వేసే ఓటు వేరు, అడిగినవాళ్లు పెట్టే టిక్కు వేరు. టిక్కు పడ్డ జవాబునే చాలాకాలం అన్నిటికన్నా పైన చూపించి, 2021లో ఆ పద్ధతి మానేశారు. అడిగినవాళ్ల పని ఆ రోజుకి గడిచి ఉండొచ్చు, తర్వాత అంతకన్నా మంచి జవాబు వచ్చి ఉండొచ్చు. మీ ఫోరంలో పాత థ్రెడ్లని గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చి చదివేవాళ్లు ఎక్కువైతే టిక్కు, లైకు రెండూ ఉంచండి.

కష్టసుఖాలు చెప్పుకునే చోట వేలెత్తిన బొమ్మ ఒక్కటే ఉంటే ఇబ్బంది. "నాన్న నిన్న పోయారు" అని రాసిన పోస్టు కింద "12 లైకులు" అని కనిపిస్తే చదివేవాళ్లకే ఎలాగో ఉంటుంది. లైక్ కొట్టకపోతే పట్టించుకోనట్టు, కొడితే సంతోషించినట్టు. ఫేస్‌బుక్ కూడా ఇలాంటి పోస్టులని దృష్టిలో పెట్టుకునే 2016 ఫిబ్రవరిలో బాధ, కోపం, ఆశ్చర్యం లాంటి రియాక్షన్లు చేర్చింది. ఇలాంటి విభాగానికి చేతులు జోడించిన బొమ్మో, గుండె బొమ్మో చాలు, లెక్క చూపించకండి. లేదా బటనే తీసేయండి. బాధలో ఉన్న మనిషికి రెండు ముక్కలు రాయడం కష్టమేమీ కాదు, రాస్తే వాళ్లకి బలం.

ఇక వాదోపవాదాలు జరిగే చోటు. అసలు తలనొప్పి ఇక్కడే, మిగతా అంచెలు ఎక్కువగా దీని గురించే. రాజకీయం, భాష, చదువు, పిల్లల పెంపకం, ఏదైనా సరే. రెండు పక్షాలు ఏర్పడ్డ చోట లైక్ అంటే "బాగా రాశారు" అనే అర్థం పోయి "మన పక్షం" అనే అర్థం వస్తుంది. బలమైన ఎదుటి వాదనకి ఎవరూ లైక్ కొట్టరు. మనవాడు వేసిన వెటకారానికి ముప్పై పడతాయి.

3. బటన్ మీద ఏం ఉండాలో మీరే రాయండి

చాలా సాఫ్ట్‌వేర్లలో లైక్ అన్న పేరూ, బొమ్మా మార్చుకోవచ్చు. అదేదో అలంకారం అనుకుని చాలామంది వదిలేస్తారు, వదలకండి. టెక్సాస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్ పరిశోధకులు వార్తల కింద వ్యాఖ్యల మీద ఈ సంగతే పరీక్షించారు. కొందరికి "లైక్" బటన్, కొందరికి "రెస్పెక్ట్" బటన్ చూపించారు. "రెస్పెక్ట్" ఉన్నప్పుడు తమ రాజకీయ అభిప్రాయానికి వ్యతిరేకంగా ఉన్న వ్యాఖ్యలకి కూడా జనం ఎక్కువగా నొక్కారు. ఆయన మాట నాకు నచ్చదు, కానీ చెప్పిన తీరుని గౌరవిస్తాను అనేవాళ్లకి "లైక్"తో ఆ వీలు లేదు మరి.

కాబట్టి వాదనల విభాగంలో "ఆలోచించదగ్గ మాట" అని పెట్టి చూడండి. ప్రశ్నల విభాగంలో "ఉపయోగపడింది". సాయం చేసుకునే చోట "థాంక్స్". వికీపీడియాలో 2013 నుంచి ఉన్న బటన్ కూడా థాంక్సే. అది వ్యాసానికి కాకుండా ఒక మనిషి చేసిన ఒక మార్పుకి వెళుతుంది, పేజీ మీద లెక్క ఏమీ కనిపించదు. తెలియజేయడం వరకే చేసి లెక్క జోలికి పోని బటన్ ఎలా ఉంటుందో చూడాలంటే అదే మంచి నమూనా.

జోకుల సంగతి విడిగా చెప్పాలి. ఎంత గంభీరమైన ఫోరంలోనైనా, గంట కూర్చుని రాసిన జవాబుకి నాలుగు లైకులు వస్తే, దాని కింద పడ్డ ఒక్క లైను జోకుకి నలభై వస్తాయి. జోకు చదవడానికి రెండు సెకన్లు చాలు. పెద్ద జవాబు చదివేవాళ్లే తక్కువ. చదివి ఆలోచనలో పడ్డవాళ్లకి బటన్ నొక్కాలని తట్టదు. స్లాష్‌డాట్ అనే టెక్నాలజీ వార్తల చర్చా సైట్ దీనికి ఒక తెలివైన ఉపాయం చేసింది. అక్కడ మోడరేషన్ పాయింటు ఇచ్చేటప్పుడు "సమాచారం ఉంది", "లోతుగా ఉంది", "నవ్వొచ్చింది" లాంటి కారణాల్లో ఒకటి ఎంచుకోవాలి. "నవ్వొచ్చింది" అని వచ్చిన పాయింట్లతో వ్యాఖ్య స్కోరు పెరుగుతుంది గానీ రాసినవాళ్ల ఖాతాకి ఏమీ జమ కాదు. మీ సాఫ్ట్‌వేర్ రెండు రియాక్షన్లకి ఒప్పుకుంటే నవ్వు బొమ్మ ఒకటి విడిగా పెట్టండి. జోకులకి పడేవన్నీ అటు పోతాయి, మొదటి బటన్‌కి కాస్త విలువ మిగులుతుంది. బొమ్మలు రెండు మూడుకి మించితే ఏది నొక్కాలో తెలియక జనం మళ్లీ మొదటిదే నొక్కుతారు.

4. డిస్‌లైక్ అడుగుతారు, ఇవ్వకండి

లైక్ పెట్టిన వారానికే "మరి నచ్చకపోతే?" అనే ప్రశ్న వస్తుంది. న్యాయంగానే వినిపిస్తుంది. కానీ 2014లో వచ్చిన ఒక అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. నాలుగు పెద్ద సైట్ల వ్యాఖ్యలని పరిశీలించి జస్టిన్ చెంగ్, ఆయన సహ పరిశోధకులు తేల్చినది ఇది: కిందికి ఓట్లు పడ్డ మనిషి తగ్గడు. ఇంకా ఎక్కువ రాస్తాడు, ఇంకా నాసిరకంగా రాస్తాడు, పైగా ఇతరుల పోస్టులకి కూడా కిందికి ఓట్లు వేయడం పెంచుతాడు. మెచ్చుకోలు అందుకున్నవాళ్లు మాత్రం అందుకు తగ్గట్టు మెరుగ్గా రాయడం మొదలుపెట్టినట్టు కనిపించలేదు. అంటే శిక్షగా వాడిన బటన్ ఎదురు తన్నుతోంది, బహుమతిగా వాడిన బటన్ మనం అనుకున్నంత పని చేయట్లేదు.

డిస్‌లైక్ ఉన్న పెద్ద వేదికలు కూడా దానికి ముకుతాడు వేశాయి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఎవరి జవాబుకైనా కిందికి ఓటు వేస్తే వేసినవాళ్లకీ ఒక పాయింటు పోతుంది. యూట్యూబ్ 2021 నవంబరులో డిస్‌లైక్ లెక్కని జనానికి కనిపించకుండా దాచేసింది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. లైక్ మాత్రమే ఉన్న చోట తప్పుడు సమాచారం కింద 40 లైకులు నిక్షేపంగా కూర్చుంటాయి, అది తప్పని చెప్పే గుర్తు ఏదీ ఉండదు. మందుల గురించో డబ్బు గురించో మాట్లాడే ఫోరం అయితే ఇది ప్రమాదమే. దానికి డిస్‌లైక్ కన్నా ఫిర్యాదు బటన్ మేలు. "సమాచారం తప్పు", "వ్యక్తిగత దూషణ", "విషయానికి సంబంధం లేదు" అని మూడు కారణాలు చాలు. నొక్కినవాళ్లు ఒకటి ఎంచుకోవాలి, అది మోడరేటర్లకి మాత్రమే కనిపించాలి. తప్పు అని తేలితే పోస్టు కిందే మోడరేటర్ ఒక గమనిక పెట్టాలి. పోస్టు తీసేస్తే, లైక్ కొట్టిన ఆ నలభై మందికీ అది తప్పని ఎప్పటికీ తెలియదు.

5. లెక్క ఎవరికి కనిపించాలో, ఎప్పుడు కనిపించాలో తేల్చండి

మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్క అంచె వదలకండి.

2013లో సైన్స్ పత్రికలో లెవ్ మచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ ప్రచురించిన ప్రయోగం ఉంది. ఒక వార్తా చర్చల సైట్‌లో ఐదు నెలల పాటు 1,01,281 వ్యాఖ్యల మీద చేశారు. వ్యాఖ్య పడగానే, అది ఎలాంటిదో చూడకుండా, కొన్నిటికి ఒక పైకి ఓటు, కొన్నిటికి ఒక కిందికి ఓటు వేసి, మిగతావాటిని వదిలేశారు. ఆ తర్వాత జనం ఏం చేస్తారో గమనించారు. ఊరికే వేసిన ఆ ఒక్క పైకి ఓటు చూసి, తర్వాత చదివినవాళ్లు కూడా పైకి ఓటు వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి తేలిన మార్కులు సగటున 25 శాతం ఎక్కువ. కిందికి ఓటు వేసిన వ్యాఖ్యల్ని మాత్రం జనం పాపం అనుకున్నారో ఏమో, పైకి ఓట్లు వేసి సరిచేశారు. గుంపులో గోవిందా అన్నది పొగడ్తల విషయంలోనే ఎక్కువ నడిచిందన్నమాట.

దీన్ని మీ ఫోరంలో ఒక మామూలు రోజుకి అన్వయించి చూడండి. ఉదయం 9 గంటలకి ఒక ప్రశ్న పడింది. 9:04కి ఒకరు తోచినది రెండు లైన్లలో రాశారు. తప్పు కాదు, పైపైన ఉంది. ఆ టైమ్‌కి ఆన్‌లైన్‌లో ఉన్న ఐదుగురు చూసి లైక్ కొట్టారు. 11:30కి విషయం తెలిసిన ఒకరు అరగంట వెచ్చించి, ఏ సందర్భంలో మొదటి జవాబు పనిచేయదో కూడా చెబుతూ రాశారు. అప్పటికి మొదటి ఐదుగురూ వెళ్లిపోయారు. మధ్యాహ్నం వచ్చినవాళ్లకి ఒక జవాబు కింద 5, ఇంకోదాని కింద 0 కనిపిస్తున్నాయి. ఐదు ఉన్నదాన్ని ముందు చదువుతారు, సరేనని దానికే ఇంకొకటి కొడతారు. మీరు కనుక ఎక్కువ లైకులు ఉన్నవి పైకి వచ్చేలా పెట్టి ఉంటే రెండో జవాబు స్క్రోల్ చేస్తే గానీ కనిపించదు. సాయంత్రానికి లెక్క 23, 2. రాత్రి ఆ రెండో వ్యక్తి తన పోస్టు చూసుకుంటారు. వచ్చేసారి అరగంట వెచ్చిస్తారా? 9:04కే ఏదో ఒకటి రాసేస్తే పోలా అనుకుంటారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. లెక్క కనిపించడం, దాన్ని బట్టి వరస మారడం, ఈ రెండు సెట్టింగులే ఇదంతా చేశాయి.

అందుకని ఇలా చేయండి. చర్చలు ఎప్పుడూ కాలక్రమంలోనే ఉండాలి, మొదట రాసింది మొదట. ఒకరి మాటకి ఇంకొకరు బదులిచ్చే చోట వరస మారిస్తే సంభాషణే అర్థం కాదు. లెక్క రాసినవాళ్లకి మాత్రమే కనిపించేలా పెట్టగలిగితే అన్నిటికన్నా మేలు. హ్యాకర్ న్యూస్ అనే టెక్నాలజీ చర్చా సైట్ 2011 నుంచి వ్యాఖ్యల పాయింట్లని అలాగే దాచింది, ఎవరివి వాళ్లకే కనిపిస్తాయి. పూర్తిగా దాచే వీలు లేకపోతే మొదటి 24 గంటలు దాచండి. రెడిట్‌లో మోడరేటర్లకి ఇలా కొంతసేపు దాచే సెట్టింగ్ ఉంది. ఇన్‌స్టాగ్రామ్ 2021లో లైకుల లెక్క దాచుకునే వీలు ఇచ్చింది, ఎక్స్ 2024 జూన్‌లో ఎవరు దేనికి లైక్ కొట్టారో ఇతరులకి కనిపించకుండా చేసింది. లైకుల మీదే పెరిగిన కంపెనీలు కూడా ఈ దారికి వచ్చాయి.

ఒకే ప్రశ్న కింద వందల జవాబులు పడుతూ వరస మార్చక తప్పని పరిస్థితి ఉంటే, లైకుల మొత్తాన్ని బట్టి మాత్రం పెట్టకండి, ముందొచ్చినదే గెలుస్తుంది. రెడిట్ 2009లో "బెస్ట్" అనే వరస తెచ్చింది. పైకి, కిందికి పడ్డ ఓట్ల నిష్పత్తితో పాటు మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో, అంటే ఆ నిష్పత్తిని ఎంతవరకు నమ్మొచ్చో కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. మీ డెవలపర్‌ని "విల్సన్ స్కోర్" అని అడిగితే తెలుస్తుంది. పైకి ఓట్లు మాత్రమే ఉన్న చోట, చూసిన ఎంతమందిలో ఎంతమంది నొక్కారు అన్నది తీసుకోవాలి.

6. పోస్టుకి వచ్చిన లైకుని మనిషి ఖాతాలో వేయకండి

ఫోరం పేజీల్లో పేరు కింద "పోస్టులు: 1,240, అందుకున్న లైకులు: 3,815" అని ఉంటుంది చూశారా? ఆ రెండో లైను తీసేయండి. "ఈ నెల అత్యధిక లైకులు" అనే జాబితా ఉంటే అది కూడా. అవి ఉన్నంతకాలం నువ్వు నాకు కొడితే నేను నీకు కొడతా అనే లోపాయికారీ ఒప్పందాలు నడుస్తాయి. ఎవరూ పైకి చెప్పరు. మీరు సైట్‌లో నమోదైన లైకుల రికార్డు తీసి చూస్తే ఆరేడుగురు ఒకరి పోస్టులకి ఒకరు, పోస్టు పడ్డ నిమిషంలోనే, చదవడానికి కూడా చాలని వ్యవధిలో కొట్టుకుంటూ కనిపిస్తారు.

అంతకన్నా పెద్ద నష్టం రాసే తీరు మారిపోవడం. విలియం బ్రేడీ, మరికొందరు యేల్ పరిశోధకులు 7,331 మంది ట్విట్టర్ వాడుకరులు రాసిన 1 కోటి 27 లక్షల ట్వీట్లు పరిశీలించి 2021లో ప్రచురించారు. ఆవేశంగా రాసిన ట్వీటుకి ఎక్కువ లైకులు, షేర్లు వచ్చినవాళ్లు ఆ తర్వాత ఇంకా ఆవేశంగా రాయడం పెరిగింది. దేనికి చప్పట్లు పడుతున్నాయో మనిషి ఇట్టే నేర్చేసుకుంటాడు.

కొన్ని సాఫ్ట్‌వేర్లు హోదా పెంచడానికి కూడా లైకులే చూస్తాయి. డిస్కోర్స్ అనే ఫోరం సాఫ్ట్‌వేర్‌లో సభ్యులు మూడో స్థాయికి ఎక్కాలంటే, మామూలు సెట్టింగ్ ప్రకారం, మిగతా షరతులతో పాటు 20 లైకులు అందుకుని ఉండాలి, 30 ఇచ్చి ఉండాలి. ఇవ్వడం కూడా షరతులో ఉండడం ఒకందుకు మంచిదే, ఇతరులవి చదివేవాళ్లే పైకి వస్తారు. వాదనలు ఎక్కువ ఉన్న ఫోరం అయితే మాత్రం ఆ అంకెలు బాగా తగ్గించి, ఎన్ని రోజులు వచ్చారు, ఎన్ని థ్రెడ్లు చదివారు అనేవాటికి బరువు పెంచండి.

7. చిన్న చిన్న అదుపులు

రోజుకి ఇన్నే అని హద్దు పెట్టండి. డిస్కోర్స్‌లో మామూలుగా 50 ఉంటుంది, మధ్యస్థంగా నడిచే ఫోరానికి 20 కూడా ఎక్కువే. హద్దు ఉంటే మొక్కుబడి లైకులు తగ్గుతాయి. కొత్తగా చేరిన ఖాతాకి మొదటి రోజే లైక్ కొట్టే వీలు ఇవ్వకండి, లేకపోతే దొంగ ఖాతాలు తెరిచి సొంత పోస్టులకి కొట్టుకుంటారు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో చాలాకాలం పైకి ఓటు వేయడానికి కూడా 15 పాయింట్లు సంపాదించుకుని ఉండాల్సి వచ్చేది.

లైక్ కొట్టినవాళ్ల పేర్లు చూపించాలా అన్నది గడ్డు ప్రశ్నే. చూపిస్తే దొంగ లైకులు తగ్గుతాయి. కానీ మొహమాటాలు మొదలవుతాయి: "ఆయన పోస్టుకి కొట్టారు, నా పోస్టుకి కొట్టలేదు", "అడ్మిన్ అయ్యుండి వాళ్ల పక్షం పోస్టుకి లైక్ కొట్టారు". ప్రశ్నలూ జవాబుల విభాగంలో పేర్లు చూపించండి, తెలిసినవాళ్లు ఒప్పుకున్న జవాబు ఏదో చదివేవాళ్లకి అదొక ఆధారం. వాదనల విభాగంలో దాచండి. అడ్మిన్లు, మోడరేటర్లు వాదనల్లో అసలు లైక్ కొట్టకపోవడం మంచిది.

నోటిఫికేషన్లు లైకు లైకుకీ పోకుండా రోజుకి ఒక్కసారి కలిపి పంపండి. ఫోన్ మోగిన ప్రతిసారీ వచ్చి చూసుకునే అలవాటు మీరే చేయనక్కర్లేదు.

మీ చర్చ ఫోరం సాఫ్ట్‌వేర్ మీద కాకుండా వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో జరుగుతుంటే మీ చేతిలో ఉన్నది తక్కువ. వాట్సాప్‌లో రియాక్షన్లు 2022 మే నుంచి ఉన్నాయి. టెలిగ్రామ్‌లో అడ్మిన్లు ఏ బొమ్మలు వాడొచ్చో ఎంచుకోవచ్చు, దాన్ని వాడుకుని రెండు మూడు ఉంచి మిగతావి ఆపేయండి. రెండింట్లోనూ మెసేజీలు కాలక్రమంలోనే ఉంటాయి, ఎవరి ఖాతాలోనూ లెక్క పడదు. అందుకే అక్కడ రియాక్షన్ వల్ల చెడు తక్కువ, మేలు ఎక్కువ. "థాంక్స్, ఓకే, అలాగే అనడానికి మెసేజ్ వద్దు, రియాక్షన్ చాలు" అని గ్రూప్ నియమాల్లో ఒక లైను రాస్తే రోజుకి ఎన్నో మెసేజీలు తగ్గుతాయి.

8. రెండు నెలలు పెట్టి చూడండి

శాశ్వతం అని చెప్పకండి, ప్రయోగం అని చెప్పండి. వీలైతే ఒక్క విభాగంలోనే పెట్టి, అలాంటిదే ఇంకో విభాగాన్ని బటన్ లేకుండా వదిలేయండి, పోల్చుకోవడానికి ఉంటుంది. పెట్టకముందే నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి. థ్రెడ్‌కి సగటున ఎన్ని జవాబులు. ఒక్కో జవాబు సగటు పొడవు. కొత్తగా చేరి ఒక పోస్టు వేసినవాళ్లలో రెండో పోస్టు కూడా వేసినవాళ్లు ఎంతమంది. మోడరేటర్ల దగ్గరికి వచ్చిన ఫిర్యాదులు ఎన్ని.

రెండు నెలల తర్వాత "నిజమే", "+1" జవాబులు తగ్గి, మిగతా జవాబుల పొడవు అలాగే ఉంటే బటన్ పనిచేసినట్టే. జవాబుల మొత్తం సంఖ్య తగ్గిందని కంగారు పడకండి, తగ్గాల్సినవే తగ్గి ఉంటాయి. పొడవు కూడా పడిపోతే, ముఖ్యంగా కొత్తవాళ్ల రెండో పోస్టు తగ్గిపోతే, జనం రాయడం మానేసి నొక్కడానికి అలవాటు పడ్డారు. మొత్తం ఎన్ని లైకులు పడ్డాయన్నది చూసి మాత్రం మురిసిపోకండి. బటన్ పెడితే నొక్కుతారు, అందులో వింతేముంది.

అంకెలతో పాటు ఒక పది థ్రెడ్లు కూర్చుని చదవండి. మైనారిటీ అభిప్రాయం ఉన్నవాళ్లు ఇంకా రాస్తున్నారా, మానేశారా? పాత పేర్లలో ఎవరైనా కనిపించకుండా పోతే ఒక మెసేజ్ పెట్టి అడగండి. లైకులు పడని పోస్టులు రాసి రాసి విసిగిపోయినవాళ్లు చెప్పకుండానే వెళ్లిపోతారు. మీ నాలుగు అంకెల్లో వాళ్లు దొరకరు.

9. తీసేయాల్సి వస్తే

హఠాత్తుగా తీసేస్తే గొడవవుతుంది. పోగు చేసుకున్నది లాక్కున్నట్టు కొందరికి అనిపిస్తుంది. పది రోజుల ముందు చెప్పండి, ఎందుకు తీస్తున్నారో మీరు గమనించిన అంకెలతో సహా చెప్పండి. ఎవరి పేరూ ఎత్తకండి, లైకుల ముఠా దొరికినా సరే. ఒక్కసారిగా కాకుండా వరసగా తగ్గించండి: ముందు పేరు కింద మొత్తం, తర్వాత పోస్టు కింద లెక్క, చివరికి బటన్. చాలాసార్లు రెండో మెట్టు దగ్గరే సమస్య తీరిపోతుంది, బటన్ తీయాల్సిన పని పడదు. డేటాబేస్‌లోంచి మాత్రం ఏదీ చెరపకండి, కనిపించకుండా దాచండి చాలు. మూడు నెలల తర్వాత ప్రశ్నల విభాగం వాళ్లు వచ్చి మాకు మళ్లీ కావాలంటే, ఆ ఒక్క విభాగానికి తిరిగి ఆన్ చేయడం అప్పుడు రెండు నిమిషాల పని.